బద్దెపురుగు ఏ జాతిదో గుడ్డు చూసి చెప్పలేం

మలపరీక్షలో టీనియా అనే బద్దెపురుగు గుడ్డును గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. గుండ్రంగా, గోధుమరంగులో, 31 నుంచి 43 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. మందపాటి పెంకులో అడ్డంగా సన్నని చారలు, లోపలి పిండానికి ఆరు కొక్కేలు. చిక్కంతా ఆ తర్వాతే. పంది మాంసంతో వచ్చే టీనియా సోలియం గుడ్డు, గొడ్డు మాంసంతో వచ్చే టీనియా సాజినేటా గుడ్డు అచ్చం ఒకేలా ఉంటాయి. ఎంత అనుభవం ఉన్న టెక్నీషియనైనా రిపోర్టులో ‘టీనియా గుడ్లు’ అనే రాయాలి. అంతకు మించి రాస్తే అది ఊహే.

ఏ జాతైతే ఏంటి, మందు వేస్తే పోతుంది కదా అనుకోకూడదు. సాజినేటా పేగు దాటి పోదు. సోలియం గుడ్లు నోట్లోకి వెళ్తే మాత్రం పిల్ల పురుగులు రక్తంతో మెదడుకు చేరి తిత్తులు కడతాయి. మన దేశంలో ఫిట్స్‌కి ముఖ్య కారణాల్లో ఇదొకటి. మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. పురుగు ఉన్నవాళ్ల చేతుల నుంచో, కలుషితమైన నీళ్ల నుంచో గుడ్లు చేరితే చాలు.

అందుకే పురుగు ఒంటి నుంచి తెగి మలంలో పడే పండిన ఖండం (గుడ్లతో నిండిన ముక్క) దొరికితే వదలకూడదు. దాన్నిండా గర్భాశయమే: మధ్యలో కాడ, రెండు పక్కలా కొమ్మలు. సన్నని సూదితో ఇండియా ఇంక్ ఎక్కించి రెండు స్లైడ్ల మధ్య నొక్కితే ఆ కొమ్మలు ఆకు ఈనెల్లా నల్లగా తేలతాయి. ఒక పక్కే లెక్కపెట్టాలి, అదీ కాడ నుంచి మొలిచే చోట. చివర్లలో మళ్లీ చీలతాయి కాబట్టి అక్కడ లెక్క తప్పుతుంది. 7 నుంచి 13 ఉంటే సోలియం, 12 నుంచి 30 ఉంటే సాజినేటా. సరిగ్గా 12, 13 వస్తే ఇంకో ఖండం చూడాల్సిందే. ఈ పనికి గ్లవ్స్ తప్పనిసరి, ఖండం నిండా వేల గుడ్లుంటాయి.

తల దొరికితే అనుమానమే ఉండదు. రెండింటికీ పేగును పీల్చి పట్టుకునే చూషకాలు నాలుగేసి ఉంటాయి, సోలియంకి అదనంగా రెండు వరుసల కొక్కేలు. కానీ తల పేగు గోడను పట్టుకుని ఉంటుంది, మందు వేశాక చాలాసార్లు చెదిరిపోయి చేతికి రాదు.

చేపలతో వచ్చే బద్దెపురుగుతో ఈ తిప్పలు లేవు. దాని గుడ్డుకి మూత ఉంటుంది, ఖండం పొడవు కన్నా వెడల్పెక్కువ. తూర్పు ఆసియాలో పంది కాలేయంతో వచ్చే టీనియా ఏషియాటికా ఖండం మాత్రం సాజినేటాలాగే కనిపిస్తుంది. అక్కడ డీఎన్‌ఏ పరీక్షే తేల్చాలి. ఆ పరీక్షకు పంపే ఖండాన్ని ఆల్కహాల్‌లో వేయాలి, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది.