తుప్పు గీకకండి: పాత జపాన్ కత్తుల గురించి అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఉంటూ పాత జపాన్ కత్తులు సేకరించే తెలుగువాళ్లం తక్కువే గానీ, ఈ మధ్య పెరుగుతున్నాం. ఎస్టేట్ సేల్‌లో దొరికిందనో, పక్కింటి పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చుకున్నదనో ఫోటోలు పంపి "అన్నా, ఇది అసలుదేనా?" అని అడుగుతుంటారు. ఐదారు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా వచ్చిన కత్తి, మన చేతికొచ్చిన మొదటి వారంలోనే పాడైపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పదేపదే వినే మాటలకు ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

అపోహ: తుప్పు పట్టింది కాబట్టి ముందు శుభ్రం చేయాలి.

వాస్తవం: నేను చూసిన పాడైన కత్తుల్లో ఎక్కువ భాగం ఇలా పాడైనవే. పిడి లోపల దాగి ఉండే భాగాన్ని నకాగో అంటారు. దాని మీది తుప్పును జపాన్‌లో కావాలనే వదిలేస్తారు. అది ఎర్రగా, పొడిగా వేలికి అంటుతుంటే ఈమధ్య పట్టినది. చిక్కటి నలుపులో, తడిమితే నున్నగా ఉంటే శతాబ్దాలుగా పేరుకున్నది. కమ్మరి ఆకురాయి గీతలు ఏ వాలులో ఉన్నాయి, పిడి చీల కోసం వేసిన రంధ్రాలు ఎన్ని, సంతకం గాళ్లలో తుప్పు ఎంత లోతుకు దిగింది అన్నవన్నీ అక్కడే చదవాలి. గీకేస్తే ఆ చదువంతా పోయినట్టే, మళ్లీ తెచ్చేవాడు లేడు.

ఒకసారి కత్తుల ప్రదర్శనకు ఒక కుటుంబం వాకిజాషి తెచ్చింది. అంటే అడుగు నుంచి రెండడుగుల లోపు పొడవుండే చిన్న కత్తి. పిడి తీశాం. నకాగో స్టీలు గరిటెలా తళతళలాడుతోంది. డ్రిల్లుకు వైర్ బ్రష్ తగిలించి తోమారట. సంతకంలో చివరి రెండక్షరాలు సగానికి అరిగిపోయాయి, వాటి చుట్టూ బ్రష్ తిరిగిన గుండ్రటి గీతలు. అలుగు, అంటే కత్తి రేకు, చూస్తే బాగుంది, బహుశా పదిహేడో శతాబ్దం పని. కానీ ఆ సంతకం అసలుదా, తర్వాత ఎవరైనా చెక్కిందా అని ఇక ఎవరూ తేల్చలేరు.

అలుగు మీద ఎర్ర మచ్చలు కనిపిస్తే పల్చగా నూనె రాసి ఆగండి. గరుకు కాగితం, ఇత్తడి తోమే పేస్టు, సాన చక్రం, ఏదీ వద్దు. ఈ పనికి తోగిషి అనే నిపుణులుంటారు, ఏళ్ల తరబడి గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు. గరుకు రాయితో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ మెత్తటి రాళ్లకు వెళ్తూ, చివరికి బొటనవేలి కింద పెట్టుకునే పల్చటి రాతి పలుకులతో ఉక్కు లోపలి రేఖలను బయటికి తెస్తారు. అంగుళం లెక్కన తీసుకుంటారు, చాలాసార్లు ఆ ఖర్చు కత్తి ధరను దాటుతుంది. పైగా సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. చాలా కత్తుల్లో గట్టి ఉక్కు పైపొరగా, మెత్తటి ఇనుము లోపల ఉంటుంది. పైపొర అరిగి లోపలిది బయటపడితే కత్తి అలసిపోయిందంటారు. అందుకే అవసరం లేని పాలిష్ కన్నా ఒకటి రెండు మచ్చలున్న పాత పాలిష్ వెయ్యి రెట్లు మేలు.

అపోహ: సంతకం ఉంటే ఆ కమ్మరి చేసిందే. లేకపోతే నకిలీ.

వాస్తవం: సరిగ్గా తలకిందులుగా కూడా జరగొచ్చు. దొంగ సంతకాలు ఇవాళ్టివి కావు. పేరున్న కమ్మరి పేరు చెక్కి అమ్మడం జపాన్ ఎదో యుగం (1603–1868) నాటికే మామూలు. పదిహేడో శతాబ్దపు కోతెత్సు పేరుతో తిరిగే కత్తుల్లో చాలా వాటిని నమ్మడానికి లేదు. మసమునే సంగతి మరీ ముఖ్యం. పద్నాలుగో శతాబ్దం మొదట్లో కామకురాలో పనిచేసిన ఈ మహానుభావుడు సంతకం చేసినవి బహు తక్కువ, అవీ చిన్న బాకులే. కాబట్టి పొడుగాటి కత్తి మీద స్పష్టంగా "మసమునే" అని కనిపిస్తే సంబరం కన్నా ముందు అనుమానం రావాలి.

సంతకం లేనివి మంచివి కావనడమూ తప్పే. గుర్రం మీద నుంచి వాడటానికి చేసిన పొడుగాటి తాచిలను తర్వాతి కాలంలో కాలినడకన పోరాడేవాళ్లకు సరిపోయేలా కింది నుంచి కోసి పొట్టి చేశారు. ఆ కోతలోనే సంతకం పోయింది. జపాన్ జాతీయ సంపదగా గుర్తించిన వాటిలోనూ ఇలాంటివి ఉన్నాయి. అందుకే అనుభవజ్ఞులు ముందు ఆకారం చూస్తారు, తర్వాత ఉక్కు మీద మడతల వల్ల పడ్డ గీతలు, ఆ తర్వాత వాదర (పదునైన అంచు) వెంట పాకే హామోన్ రేఖ. సంతకం చివర్లో. ఫోటో పంపేటప్పుడు సంతకం ఒక్కటే దగ్గరగా తీసి పంపకండి, పిడి తీసిన కత్తి మొత్తం నిలువుగా కనిపించాలి.

అపోహ: జపాన్ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కాగితం ఉంది కాబట్టి కత్తి అసలుదే.

వాస్తవం: ఆ కాగితం తోరోకుషో. 1958 నాటి తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం కింద ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యా మండలి ఇస్తుంది. దాని మీద పొడవు, వంపు, రంధ్రాల సంఖ్య, సంతకం ఉన్నది ఉన్నట్టు రాస్తారు. ఆ సంతకం నిజమని ఎక్కడా హామీ ఇవ్వరు. నిర్ధారణ కావాలంటే 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం, ఎన్‌బీటీహెచ్‌కే, ఇచ్చే పత్రం చూడాలి. హోజోన్, తోకుబెత్సు హోజోన్, జూయో, తోకుబెత్సు జూయో, ఇలా కింది నుంచి పైకి మెట్లుంటాయి. 1982కు ముందు ఇచ్చిన పాత పత్రాలు, ముఖ్యంగా ఆకుపచ్చవి చూపించి ధర పెంచుతుంటే తొందరపడకండి. కత్తిని కొత్తగా పరీక్షకు పంపి చూడమనే అందరం చెప్తాం.

అపోహ: జపాన్ కత్తి ఉక్కును వేలసార్లు మడతపెట్టి చేస్తారు.

వాస్తవం: మామూలుగా పది నుంచి పదిహేను సార్లు. ప్రతి మడతకూ పొరలు రెట్టింపవుతాయి కాబట్టి పది మడతలకే 1,024, పదిహేనుకు 32,768 పొరలు. అంతకు మించితే ఉక్కులో కర్బనం పోయి మెత్తబడుతుంది. మడత పెట్టేది మంత్రం కోసం కాదు. ఇసుక ఇనుమునూ బొగ్గునూ మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చితే వచ్చే తమహగనే ఉక్కులో కర్బనం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది. మలినాలూ ఉంటాయి. మడిచి కొడితే అవి పోయి అంతా సమమవుతుంది. షిమానే ప్రాంతంలోని ఒకు ఇజుమోలో ఆ కొలిమిని 1977 నుంచి ఎన్‌బీటీహెచ్‌కే మళ్లీ నడుపుతోంది.

అపోహ: జపాన్ ఉక్కూ మన నిర్మల్ ఉక్కూ ఒకటే.

వాస్తవం: తెలుగువాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఇది, నాకు ఇష్టమైనది కూడా. కోనసముద్రం లాంటి ఊళ్లలో మన కమ్మరులు మూసిన మూసలో ఉక్కును పూర్తిగా కరిగించేవారు. నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపల ఏర్పడే స్ఫటికాల వల్ల కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు వస్తాయి. జపాన్ ఉక్కు అలా పూర్తిగా కరగదు, అక్కడి గీతలు మడతల వల్ల వచ్చినవి. హామోన్ రేఖది వేరే కథ. అలుగుకు మట్టి పూత పూసి, వాదర దగ్గర పల్చగా వదిలి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. వాదర చటుక్కున చల్లారి గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగులుతుంది. గట్టిపడిన ఉక్కు వ్యాకోచిస్తుంది కాబట్టి కత్తి వెనక్కి వంగుతుంది. రెండూ గొప్పవే, దారులే వేరు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తులనూ, మన దేశపు ఆయుధాలనూ ఒకే రోజు చూడొచ్చు.

అపోహ: నూనె ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిది. కొబ్బరి నూనైనా పర్వాలేదు.

వాస్తవం: వంటనూనెలు కొన్నాళ్లకు జిగురెక్కుతాయి. కత్తికి వాడే చోజి నూనె ఎక్కువ భాగం శుద్ధమైన ఖనిజ తైలమే, లవంగ నూనె వాసనకు మాత్రం కలుస్తుంది. కంటికి కనీకనపడని పల్చటి పొర చాలు. ఎక్కువైతే ఒర చెక్క పీల్చుకుని, ధూళి పట్టి, లోపలే అలుగును గీస్తుంది. పాత నూనె తుడవడానికి మెత్తటి కాగితం వాడండి. సానరాతి పొడి మూటతో తట్టే పాత పద్ధతిని, మంచి పాలిష్ ఉన్న కత్తి మీద నేనైతే వద్దంటాను, సన్న గీతలు పడతాయి. అలుగును వేలితో ముట్టుకోవద్దు, దాని మీదుగా మాట్లాడొద్దు. తుంపర పడ్డ చోట మచ్చ వస్తుంది. ఒర నుంచి తీసేటప్పుడు వాదర పైకి పెట్టి, వెన్ను ఒరకు ఆనేలా జార్చండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో నెలకోసారి తీసి చూడటం తప్పదు.

అపోహ: యుద్ధకాలపు కత్తులన్నీ తాతల నాటి సమురాయ్‌వే. తిరిగి జపాన్‌కు పంపితే సంతోషిస్తారు.

వాస్తవం: 1935 తర్వాత సైన్యం కోసం ఫ్యాక్టరీ ఉక్కుతో, నూనెలో చల్లార్చి లెక్కలేనన్ని చేశారు. నకాగో మీద చిన్న ముద్ర, అలుగు మీద నంబరు, రంగేసిన అల్యూమినియం పిడి ఉంటే అలాంటిదే. ఇలాంటివాటికి జపాన్‌లో రిజిస్ట్రేషన్ దొరకదు, తీసుకెళ్తే ధ్వంసం చేస్తారు. దయచేసి పంపకండి. అయితే కొందరు అధికారులు ఇంట్లోని పాత అలుగుకే సైనిక పిడి తొడిగించుకున్నారు. కాబట్టి పిడి తీసి చూడందే తీర్పు చెప్పొద్దు.

నిజంగా తిరిగి వెళ్లాల్సినవీ ఉన్నాయి. కాగోషిమాలోని తెరుకుని మందిరం నుంచి యుద్ధానంతరం మాయమైన, కునిమునే అనే కమ్మరి చేసిన తాచి అమెరికాలో వాల్టర్ కాంప్టన్ అనే సేకర్తకు దొరికింది. అది జాతీయ సంపద అని తెలిసి 1963లో డబ్బు తీసుకోకుండా వెనక్కి ఇచ్చేశాడు. 1945 డిసెంబరులో టోక్యో మెజిరో పోలీస్ స్టేషన్‌లో అప్పగించిన హొంజో మసమునే, అంటే మసమునే చేసిన పేరుమోసిన కత్తి, మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

అపోహ: జపాన్ నుంచి పాత కత్తి తేవడం నేరం. తెచ్చాక ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు.

వాస్తవం: రెండూ తప్పే. జాతీయ సంపద, ముఖ్య సాంస్కృతిక ఆస్తి లాంటి గుర్తింపు ఉన్నవి దేశం దాటవు. మిగతావాటికి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ఎగుమతి ధ్రువీకరణ ఇస్తుంది, తోరోకుషో వెనక్కి ఇచ్చేయాలి. కొన్ని వారాలు పడుతుంది. మంచి డీలరైతే ఆ పనంతా తనే చూసుకుంటాడు. పిడికి ఏనుగు దంతం పని ఉంటే మాత్రం కొనకముందే ఆలోచించండి, అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ నిబంధనలు అడ్డొస్తాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో 50 సెంటీమీటర్లు, అంతకు మించిన వంపు కత్తుల అమ్మకం, దిగుమతి 2008 నుంచి నిషిద్ధం. 1954కు ముందువీ, సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినవీ దానికి మినహాయింపు. ఆస్ట్రేలియాలో రాష్ట్రానికో చట్టం.

ఇండియాకు తీసుకెళ్దామనుకునేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆయుధం దేశంలోకి తేవడానికి లైసెన్స్ ఉండాలి. సొంత వాడకానికి మినహాయింపు ఉందని కొందరు ధైర్యం చెప్తారు. ఉంది. కానీ అనుమానం వస్తే కేంద్రం ఆదేశం వచ్చేదాకా ఆపి ఉంచుకునే అధికారం కస్టమ్స్‌కు అదే సెక్షన్ ఇస్తోంది. అన్నాళ్లు గోదాములో నూనె లేకుండా పడి ఉంటే అలుగు గతేంటి? పైగా వందేళ్లు దాటిన వస్తువును మళ్లీ బయటికి పంపాలంటే 1972 పురావస్తువుల చట్టం ఎదురవుతుంది. కత్తి కదిలించక ముందే కస్టమ్స్‌కు రాసి, లిఖితపూర్వక జవాబు చేతికొచ్చాకే టికెట్ కొనుక్కోండి.