యాక్సిడెంట్ అయినవాణ్ణి ముట్టుకుంటే మన మీదికొస్తుందా? ఈ భయం వెనక కథ

రోడ్డు మీద ఎవరో రక్తం మడుగులో పడి ఉంటారు, చుట్టూ నిలబడ్డవాళ్ళు ఫోన్లో వీడియో తీస్తుంటారు, సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది. ఇక మొదలు, జనంలో మానవత్వం చచ్చిపోయిందని. ఇప్పుడు మళ్ళీ అదే చర్చ. ఊరికే వీడియో తీసేవాళ్ళని నేనూ వెనకేసుకురాను. కానీ ఆ గుంపులో సాయం చేద్దామనుకుని కూడా ఆగిపోయినవాళ్ళు ఉంటారు, వాళ్ళెందుకు ఆగారో ఎవరూ అడగరు.

వాళ్ళ భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. తీసుకెళ్తే ఆస్పత్రిలో "పేషెంటు మీకేమవుతారు, డబ్బులెవరు కడతారు" అంటారు. పోలీసులొచ్చి పేరూ అడ్రసూ రాసుకుంటారు, నువ్వే గుద్ది తీసుకొచ్చావేమో అన్నట్టు చూస్తారు, ఆ తర్వాత స్టేట్‌మెంటు కోసం స్టేషనుకి, సాక్ష్యం కోసం కోర్టుకి. ఇలా ఒక్కడు వాయిదాల చుట్టూ తిరిగితే చాలు, అది విన్న వందమంది "మనకెందుకొచ్చిన గొడవ" అనుకుని పక్కకి తప్పుకుంటారు.

1989లో సుప్రీంకోర్టు ఇచ్చిన పరమానంద్ కటారా తీర్పును అందరూ చెబుతారు. ఆ కేసుకు మూలమైన ఘటనని మాత్రం ఒకసారి దగ్గరగా చూడాలి. కారు గుద్ది ఒక స్కూటరిస్టు పడిపోయాడు. రోడ్డు మీద పోతున్న ఒక మనిషి అతన్ని ఎత్తుకుని దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇలాంటి పోలీసు కేసులు మేం చూడం, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఇంకో ఆస్పత్రి ఉంది, అక్కడికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. దారిలోనే ప్రాణం పోయింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాల్సిందేనని కోర్టు తేల్చింది. మంచి తీర్పే, కానీ దాని బరువంతా డాక్టర్ల మీద పడింది. ఎత్తుకెళ్ళిన ఆ మనిషికి రక్షణేంటన్నది ఇంకో ఇరవై ఏళ్ళకి పైగా ఎవరికీ పట్టలేదు.

అసలు మలుపు 2012లో, రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో (పిల్) వచ్చింది. మరుసటి ఏడాది అదే సంస్థ సర్వే చేస్తే నూటికి 74 మంది తాము సాయం చేయకపోవచ్చనే చెప్పారు, అందులో ఎక్కువమంది చెప్పిన కారణం పోలీసులూ కోర్టులే. సాయం చేసినవాళ్ళని వేధించకూడదని 2015 మేలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2016 మార్చి 30న జస్టిస్ గోపాల గౌడ, జస్టిస్ అరుణ్ మిశ్రాల బెంచి వాటిని దేశమంతా పాటించి తీరాలంది. ప్రశ్న తిరగబడింది ఇక్కడే: జనం ఎందుకు మారరు అనే చోట, జనాన్ని భయపెడుతున్నదెవరు అని అడిగారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్, 2020లో దాని రూల్సు వచ్చాయి. సదుద్దేశంతో సాయం చేస్తుంటే పొరపాటున మనిషికేమన్నా అయినా మీ మీద సివిల్ కేసూ లేదు, క్రిమినల్ కేసూ లేదు. పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు.

సాక్షి లేకపోతే గుద్దినవాడు తప్పించుకుంటాడని పోలీసులంటారు, అదీ నిజమే. అందుకే మీ ఇష్టపూర్వకంగా సాక్షిగా ఉండే దారి రూల్సులోనే పెట్టారు: మీకు వీలైన చోట, వీలైన టైములో, మఫ్టీలో వచ్చి, ఒకే విడతలో స్టేట్‌మెంటు తీసుకోవాలి. ఈ హక్కులన్నీ రాసి ప్రతి ఆస్పత్రీ గుమ్మం దగ్గర, స్థానిక భాషలో కూడా, బోర్డు పెట్టాలి. అలాంటి బోర్డు మీరెక్కడైనా చూశారా? 2018లో సేవ్‌లైఫ్ సంస్థే అడిగితే 84 శాతం మందికి ఇలాంటి రక్షణ ఉందనే తెలియదు.

ఆ తర్వాత ప్రభుత్వం బహుమతి దారి పట్టింది. గాయపడినవాళ్ళని ఆస్పత్రికి చేర్చినవాళ్ళకి 2021లో ఐదు వేలు, 2025లో పాతిక వేలు. ఉద్దేశాన్ని తప్పుపట్టను గానీ, ఆ డబ్బు రావాలంటే పేరూ వివరాలూ పోలీసుల ద్వారానే వెళ్ళాలి. ఏ స్టేషనంటే జనం భయపడుతున్నారో మళ్ళీ ఆ గుమ్మానికే!

ఇక ఆ మొదటి నిమిషాల సంగతి. ముందు మీరు గుద్దించుకోకుండా బండి పక్కకి ఆపి హజార్డ్ లైట్లు వేయండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి చోటు సరిగ్గా చెప్పండి. మన దగ్గర 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15 నుంచే ఉంది, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. మంటలంటుకునే ప్రమాదమో, ఇంకో బండి దూసుకొచ్చే ప్రమాదమో ఉంటే తప్ప మనిషిని లాగొద్దు, మెడకి దెబ్బ తగిలి ఉండొచ్చు. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ పీకొద్దు. మంచినీళ్ళు తాగించడం మనవాళ్ళందరూ చేసే పనే, అది మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

చట్టం ఇంత చెప్పినా పేరు చెప్పమని బెదిరించిన పోలీసుకి శిక్షేంటో 134ఎ సెక్షన్లో లేదు. శాఖాపరమైన చర్య తీసుకోవాలన్న మాట 2015 మార్గదర్శకాల్లో ఉంది. వీడియో బయటికొచ్చిన ప్రతిసారీ నిలబడి చూసినవాళ్ళని తిట్టడం వింటున్నాం, ఆ చర్య ఎంతమంది మీద తీసుకున్నారని మాత్రం ఎవరూ అడగడం లేదు.