పార్కిన్సన్స్‌లో మాట, గుటక: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో స్పీచ్ థెరపిస్టునైన నా దగ్గరకు పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు) ఉన్నవాళ్లు సాధారణంగా ఆలస్యంగానే వస్తారు. చేతి వణుకుకు న్యూరాలజిస్టును కలుస్తారు, నడకకు ఫిజియోథెరపీ చేయించుకుంటారు. మాట సంగతి మాత్రం ఇంటిల్లిపాదీ ‘ఆఁ? ఏమన్నారూ?’ అని అడిగి అడిగి విసిగిపోయాకే గుర్తుకొస్తుంది.

అపోహ: ఆయన కావాలనే గొణుగుతున్నారు.

‘కొండ మీద గోవిందా అంటే అందరికీ వినిపిస్తుంది మేడం, ఇంట్లో మంచినీళ్లు అడిగితే నాకే వినిపించదు’ అని భార్యలు ఫిర్యాదు చేస్తారు. ఆయన్ను అడగండి, ‘ఈవిడకే చెవుడు వస్తోంది’ అంటారు. ఇద్దరూ నిజాయతీగానే మాట్లాడుతున్నారు. ఈ జబ్బులో గొంతుకు ఎంత బలం పెట్టాలో అంచనా వేసే లోపలి కొలత తగ్గిపోతుంది. చిన్న గొంతే ఆయనకు మామూలుగా అనిపిస్తుంది. మామూలుగా మాట్లాడితే అరుస్తున్నట్టు ఉంటుంది. గుంపులో నలుగురి గొంతూ ఆయన గొంతును లేపుతుంది. ఇంట్లో ఆ ఊతం ఉండదు. ఫోనులో రికార్డు చేసి వినిపిస్తే, ‘ఇది నా గొంతేనా?’ అని ఆశ్చర్యపోతారు. కసురుకోవడం కంటే అది నయం.

ఆ కొలతను సరిదిద్దడమే చికిత్స. 1987లో అమెరికాలో మొదలైన ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ పద్ధతిలో వారానికి నాలుగు రోజులు, రోజుకో గంట, నాలుగు వారాలు సాధన ఉంటుంది. లక్ష్యం ఒక్కటే: గొంతు పెంచడం. ‘ఆ’ అని పొడవుగా పలకడంతో మొదలుపెట్టి, ‘అలిపిరి దగ్గర ఆపు బాబూ’ లాంటి నిత్యం వాడే వాక్యాల దాకా వెళతాం. గొంతు చించుకునే అరుపులు కావివి. బ్రిటన్‌లో 388 మందితో జరిగిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. అక్కడి మామూలు స్పీచ్ థెరపీ కంటే ఈ పద్ధతిలోనే గొంతు ఇబ్బందులు ఎక్కువగా తగ్గాయని తేలింది.

అపోహ: మాత్రలతో మాటా బాగవుతుంది.

ఈ జబ్బుకు ముఖ్యంగా వాడే లెవోడోపా అనే మందు ఒంటి బిగుతును, మందకొడితనాన్ని తగ్గించినంతగా మాటను బాగుచేయదు. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స తర్వాత కొందరికి మాట ఇంకా మందగిస్తుంది కూడా. అలాగని మాత్రలు మానకండి. మందు బాగా పనిచేసే వేళకే సాధన పెట్టుకోండి.

అపోహ: పొలమారితే ఎవరో తలచుకుంటున్నట్టు.

నెత్తి మీద తట్టి నవ్వేసే విషయం కాదిది. పార్కిన్సన్స్‌లో గుటక కూడా దెబ్బతింటుంది. ఊపిరితిత్తుల్లోకి ఆహారం జారి వచ్చే న్యుమోనియా ఈ రోగుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. సంగటి ముద్దను చూసి భయపడతారు కానీ చాలామందిలో నీళ్లు, కాఫీ వంటి పలుచనివే ముందుగా దారి తప్పుతాయి. పొలమారగానే నీళ్లు పట్టేయకండి, దగ్గనివ్వండి. కొందరికి దగ్గు కూడా రాదు, అదే అసలు చిక్కు. తిన్నాక గొంతు తడిగా గరగరలాడినా, బరువు తగ్గుతున్నా, పదేపదే జ్వరంతో కఫం పడుతున్నా గుటక పరీక్ష చేయించండి. మాట స్పష్టంగా ఉందని వాయిదా వేయవద్దు.

ముఖంలో భావం పలకకపోతే అలిగారనుకోవడం కూడా అపోహే. ముఖ కండరాలూ బిగుసుకుంటాయి.

అపోహ: నాలుగు వారాలతో పని అయిపోతుంది.

సాధన ఆపితే గొంతు మళ్లీ దిగిపోతుంది. పేపరు చదవండి, అలవాటుంటే స్తోత్రాలు చదవండి. పెదవులు కదిపితే లెక్కలోకి రాదు, పక్కగదిలో వాళ్లకు వినబడాలి.