స్పీకర్ ఆమోదించేదాకా: శాసనసభ్యుల రాజీనామాల వెనుక కథ

విశాఖ ఉక్కు ప్రైవేటీకరణను నిరసిస్తూ 2021 ఫిబ్రవరిలో విశాఖ ఉత్తర శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు రాజీనామా చేశారు. మొదటి లేఖ ‘స్పీకర్ ఫార్మాట్’లో, అంటే సభ నియమావళి చెప్పిన నమూనాలో లేదన్న విమర్శ రావడంతో అదే నెలలో మరో లేఖ ఇచ్చారు. దాన్ని అప్పటి స్పీకర్ తమ్మినేని సీతారాం ఆమోదించింది 2024 జనవరిలో. రాజ్యసభ ఎన్నికల్లో ఒక ఓటు తగ్గించడానికే పాత లేఖను బయటికి తీశారని తెలుగుదేశం ఆరోపించింది. ఆ ఆరోపణ సంగతి ఎలా ఉన్నా, వద్దని రాసిచ్చిన పదవిలో ఒక సభ్యుడు దాదాపు మూడేళ్లు ఎలా కొనసాగారన్నదే నన్ను వేధించే ప్రశ్న. సాధారణ ఎన్నికలు దగ్గర పడ్డాయి కనుక ఆ సీటుకు ఉప ఎన్నిక కూడా జరగలేదు.

రాజీనామాను స్పీకర్ ఆమోదించాలన్న మెలిక రాజ్యాంగంలో మొదట లేదు. సభ్యుడు స్వయంగా సంతకం చేసిన లేఖ స్పీకర్‌కు పంపితే, 190వ అధికరణ ప్రకారం సీటు ఖాళీ అయినట్టే. 1966లో ఇదే ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం సాగినప్పుడు, ప్రతిపక్ష సభ్యులు రాజీనామాలకు దిగినప్పుడు ఉన్న నియమం అదే.

మార్పు గుజరాత్ నుంచి వచ్చింది. 1974 నవనిర్మాణ్ ఉద్యమంలో ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ దిగిపోయినా విద్యార్థులు శాంతించలేదు. శాసనసభనే రద్దు చేయాలని పట్టుబట్టారు, రాజీనామా చేయాలంటూ సభ్యులపై ఒత్తిడి తెచ్చారు. మార్చిలో సభ రద్దయింది. బలవంతపు రాజీనామాలను అడ్డుకోవడానికంటూ అదే ఏడాది మే నెలలో పార్లమెంటు 33వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. అప్పటి నుంచి స్పీకర్ ఆమోదించాకే సీటు ఖాళీ అవుతుంది. రాజీనామా స్వచ్ఛందం కాదనో, నిజమైనది కాదనో విచారణలో తేలితే స్పీకర్ తిరస్కరించాలి.

లోక్‌సభ నియమావళిలోని నమూనా లేఖ చాలా పొట్టిది. ఫలానా తేదీ నుంచి నా స్థానానికి రాజీనామా చేస్తున్నానని చెప్పడంతో సరి. కారణాలకు అందులో చోటు లేదు. సభ్యుడు స్వయంగా వచ్చి చేతికిచ్చి, ఇది నా ఇష్టంతోనే అని చెబితే, స్పీకర్‌కు వేరే సమాచారం లేకపోతే వెంటనే ఆమోదించవచ్చు. పోస్టులో వచ్చినా, మరొకరు తెచ్చినా తగిన విచారణ జరపవచ్చు. విచారణ ఎన్ని రోజుల్లో ముగియాలో మాత్రం రాజ్యాంగం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

తెలంగాణ ఉద్యమంలో ఈ అధికారం రెండు రకాలుగా కనిపించింది. 2010 ఫిబ్రవరిలో స్పీకర్ కిరణ్‌కుమార్ రెడ్డి 12 మంది రాజీనామాలను ఆమోదించారు. జూలైలో ఉప ఎన్నికలు జరిగాయి. తెరాస 11, భాజపా 1 గెలిచాయి. మరుసటి ఏడాది జూలైలో తెలంగాణ కాంగ్రెస్, తెలుగుదేశం సభ్యులు మూకుమ్మడిగా లేఖలిచ్చారు. ఉద్వేగ వాతావరణంలో ఇచ్చినవంటూ స్పీకర్ నాదెండ్ల మనోహర్ వాటిని తిరస్కరించారు. ఆ నిర్ణయంతో ఎవరైనా విభేదించవచ్చు, కానీ అది నిర్ణయం, నెలలోపే వచ్చింది.

ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్‌లో వైకాపా ఎంపీలు అయిదుగురు ఇచ్చిన లేఖలకు జూన్‌లో ఆమోదం దక్కింది. అప్పటికి లోక్‌సభ గడువు ఏడాది కంటే తక్కువే మిగలడంతో ఉప ఎన్నికలు రాలేదు. ఎప్పుడు ఆమోదిస్తారన్న దాని మీద ఓటరు హక్కు ఎంతగా ఆధారపడి ఉందో ఇందులో తెలుస్తుంది.

కర్ణాటక శాసనసభ్యుల రాజీనామాల కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది. రాజీనామా స్వచ్ఛందమా, నిజమైనదా అన్నదే స్పీకర్ చూడాలి, దాని వెనుక ఉద్దేశంతో పని లేదని చెప్పింది. ఫిరాయింపుల విషయంలో గడువు గురించి కూడా కోర్టు మాట్లాడింది: 2025 జూలైలో తెలంగాణ స్పీకర్‌కు అనర్హత పిటిషన్లపై మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. రాజీనామా విచారణ అంతకంటే చాలా తేలిక. సభ్యుణ్ని పిలిచి అడిగితే తేలిపోతుంది. దానికి ఒక నెల గడువును చట్టసభల నియమావళిలోనే రాయాలి.