నీళ్ళు పూడ్చి, నేల అమ్మి: వైపిన్ దీవికి రోడ్డు వచ్చిన కథ

కేరళలోని కొచ్చి నగరంలో, ఎర్నాకుళం హైకోర్టు కూడలి నుంచి పడమరకు బస్సెక్కితే వరసగా మూడు వంతెనలు వస్తాయి. మొదటిది దాటితే డచ్చివాళ్ళు 1744లో కట్టిన భవనం ఉన్న బోల్గాట్టి దీవి. రెండోది దాటితే మేరీమాత గుడి ఉన్న వల్లార్‌పాడం. మూడోది దాటగానే వైపిన్. ట్రాఫిక్ లేకపోతే పావుగంట కూడా పట్టదు. 2004 జూన్ దాకా ఈ దారే లేదు. నగరంలోని భవనాలు ఎదురుగా కనిపిస్తున్నా, వైపిన్ దక్షిణపు ఊళ్ళవాళ్ళు పడవ కోసం రేవులో నిలబడాల్సి వచ్చేది. ఉత్తరాన చెరాయి నుంచి పరవూరు మీదుగా చుట్టు తిరిగే దారి ఒకటుంది. రోజూ కూలికి, కాలేజీకి, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు అది అక్కరకొచ్చే దారి కాదు.

ఈ మూడు వంతెనలకూ గోశ్రీ వంతెనలని పేరు. గోశ్రీ అంటే కొచ్చికి ఉన్న పాతపేరు. వీటికి డబ్బు మామూలు బడ్జెట్ పద్దు నుంచి రాలేదు. నీళ్ళను పూడ్చి నేలగా చేసి, ఆ నేలను అమ్మి సంపాదించారు. వైపిన్‌లో ఇవాళ ఏ రోడ్డు గొడవ విన్నా దాని వేరు ఈ లెక్క దగ్గరే తగులుతుంది. అందుకే కథను కొంచెం వెనకనుంచి చెప్పాలి.

వైపిన్ వయసు ఏడు వందల ఏళ్ళలోపే. 1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరద ముజిరిస్ అనే పాతకాలపు రేవును పూడ్చేసింది, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త నోరు తెరిచింది. ఆ ఒండ్రు మేట వేసి పెరిగినదే ఈ దీవి అంటారు. మలయాళంలో 'వైప్పు' అంటే పెట్టినది, మేట వేసినది. ఆ ఏడాది నుంచి లెక్కపెట్టే 'పుదువైప్పు' శకం కూడా ఒకటి వాడుకలో ఉండేది. ఇది సుమారు 25 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన నేల. పడమర అరేబియా సముద్రం, తూర్పున బ్యాక్‌వాటర్స్. ఎళంకున్నప్పుళ, ఞారక్కల్, నాయరంబలం, ఎడవనక్కాడ్, కుళుప్పిళ్ళి, పళ్ళిప్పురం అని ఆరు పంచాయతీలు. దేశంలో ఇంత కిక్కిరిసిన దీవులు అరుదు. చేపల వేట, ఉప్పునీటి పొలాల్లో వానాకాలం పొక్కాళి వరి, అది కోశాక అదే పొలంలో రొయ్యలు: పాతకాలపు బతుకుతెరువులు ఇవి. సంఘ సంస్కర్త సహోదరన్ అయ్యప్పన్ 1917లో కులాలన్నిటినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనం పెట్టించినది ఈ దీవిలోని చెరాయిలోనే. కేరళ సాంఘిక చరిత్రలో అంత ముందు నడిచిన చోటు, రోడ్డు విషయానికి వచ్చేసరికి అందరికన్నా వెనకబడింది.

వంతెన కట్టడం చేతకాక కాదు. 1920లో కొచ్చికి వచ్చిన ఇంజనీరు రాబర్ట్ బ్రిస్టో ఓడరేవు ముఖద్వారంలోని ఇసుక మేటను తవ్వించి, ఆ మట్టితోనే విల్లింగ్డన్ దీవిని నిలబెట్టాడు. ఆ దీవికి రోడ్డు, రైలు రెండూ వచ్చాయి. ఎందుకంటే అక్కడ ఓడలు ఆగుతాయి, సరుకు దిగుతుంది. వైపిన్‌లో ఉన్నది మనుషులు. నా దృష్టిలో ఈ కథంతటికీ అదే కీలకం: ఇంకెవరికో అవసరమైనప్పుడు దీవికి దారి పడింది గాని, దీవివాళ్ళ అవసరం ఒక్కటే ఎన్నడూ నిధులు తేలేకపోయింది.

పడవల కాలం గురించి అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ నొప్పితోనే మాట్లాడతారు. గోదావరి లంకల్లో పంటు కోసం గంటలు కాచుకున్నవాళ్ళకు ఆ నొప్పి వేరే చెప్పక్కర్లేదు. 1982 సెప్టెంబరులో, ఓణం రోజుల్లో, దీవిలోని సారా దుకాణాల్లో అమ్మిన కల్తీ సారా తాగి 70 మందికి పైగా చనిపోయారు. ఎందరికో చూపు పోయింది. పెద్దాసుపత్రులన్నీ నీటికి అవతల ఉన్న ఊరికి అలాంటి రాత్రి ఎంత పొడవుగా ఉంటుందో ఊహించుకోవచ్చు. వంతెన కావాలన్న ఉద్యమం ఆ దశాబ్దంలో గట్టిపడింది. పార్టీలు, చర్చీలు, సంఘాలు అన్నీ అందులో ఉన్నాయి.

కాని డబ్బెక్కడిది? పంచాయతీకి వచ్చేది ఇంటి పన్ను, వృత్తి పన్ను, పైనుంచి వచ్చే గ్రాంటు. వాటితో వీధి రోడ్డు పడుతుంది, బ్యాక్‌వాటర్స్ మీద వంతెన లేవదు. అడుగున మెత్తటి బురద కాబట్టి పునాది స్తంభాలు చాలా లోతుకు దింపాలి. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుంది. కింద పడవలు పోవాలి కనుక ఎత్తు పెంచాలి. ఎత్తు పెరిగినకొద్దీ వంతెన మీదికి ఎక్కించే అప్రోచ్ రోడ్డు పొడవవుతుంది, దానికి ఇళ్ళ మధ్య భూమి కావాలి. ఒక్క వంతెన ఖర్చులో ఇన్ని ఖర్చులు దాగి ఉంటాయి.

1994లో కేరళ ప్రభుత్వం గోశ్రీ దీవుల అభివృద్ధి సంస్థను పెట్టింది. క్లుప్తంగా జిడా అంటారు. ముఖ్యమంత్రే అధ్యక్షుడు. పథకం ఇది: ఎర్నాకుళం మెరైన్ డ్రైవ్‌ను ఆనుకుని ఉన్న బ్యాక్‌వాటర్స్‌లో 25 హెక్టార్లు, అంటే దాదాపు 62 ఎకరాలు, పూడ్చి మెరక చేయాలి. నగరం నడిబొడ్డున నీటి ఒడ్డున ఉన్న నేల కనుక ధర బాగా పలుకుతుంది. ఆ అమ్మకం డబ్బుతో మూడు వంతెనలు కట్టాలి, మిగిలినదానితో దీవుల్లో రోడ్లు, నీటి పైపులు వేయాలి. మెరైన్ డ్రైవ్ కూడా అంతకుముందు నీళ్ళు పూడ్చి చేసిన నేలే కాబట్టి కొచ్చికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

పర్యావరణం మీద అభ్యంతరాలు హైకోర్టు దాకా వెళ్ళాయి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి అమల్లో ఉన్నాయి. నీళ్ళు పూడిస్తే ప్రవాహం మారుతుంది, చేపల పెంపకానికి, వరద నీరు నిలవడానికి ఉన్న చోటు తగ్గుతుంది. ఆ వాదన చేసినవాళ్ళను దీవి శత్రువులన్నట్టు చూడడం సరికాదని నాకనిపిస్తుంది. అదే సమయంలో, వాళ్ళ మాట విని వంతెన ఆపేయమని పడవలో గర్భిణిని తీసుకెళ్ళే కుటుంబానికి చెప్పగలిగే ధైర్యం నాకు లేదు. ఆ రెండు న్యాయాలనూ ఒకదానిమీదికొకటి తోసింది డబ్బు తెచ్చిన పద్ధతి. బడ్జెట్‌లోనే వంతెనకు చోటు దొరికి ఉంటే, దారి కావాలా నీళ్ళు కావాలా అని ఎవరూ అడగాల్సిన పని ఉండేది కాదు.

2004లో వంతెనలు తెరుచుకున్నాక దీవి ముఖం మారిపోయింది. నగరంలో పనిచేస్తూ దీవిలో ఉండేవాళ్ళు పెరిగారు, భూమి ధర పెరిగింది, చెరాయి బీచికి సందర్శకులు వచ్చారు. అయితే దారి పడినా బస్సు మాత్రం నగరంలోకి పోలేదు. నగరంలోపలి మార్గాలు ప్రభుత్వ బస్సులకు కేటాయించినవి కనుక వైపిన్ ప్రైవేటు బస్సులు హైకోర్టు కూడలి దగ్గరే ఆగాల్సి వచ్చేది. బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్ళు అక్కడ దిగి, ఇంకో బస్సెక్కి, రెండో టికెట్టు కొనాల్సి వచ్చేది. నగరప్రవేశం కోసం ఏళ్ళ తరబడి పోరాటం సాగింది. వంతెన కోసం అన్నేళ్ళు అడిగినవాళ్ళు బస్సు కోసం మళ్ళీ మొదటినుంచి అడగాల్సి రావడం చాలా అన్యాయం.

ఇక ఓడరేవు వంతు. వల్లార్‌పాడంలో కంటైనర్ టెర్మినల్‌ను 2011 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ ప్రారంభించారు. దానికోసం కళమశ్శేరి నుంచి సుమారు 17 కిలోమీటర్ల జాతీయ రహదారి, బ్యాక్‌వాటర్స్ మీద 4.62 కిలోమీటర్ల రైలు వంతెన కొన్నేళ్ళలోనే లేచాయి. దీవివాళ్ళ వంతెనకు దశాబ్దాలు పట్టింది, కంటైనర్లకు అంత ఓపిక పట్టనక్కర లేకపోయింది. ఆ దారికి అయిన మూల్యం మాత్రం స్థానికులు చెల్లించారు. 2008 ఫిబ్రవరి 6న మూలంపిళ్ళి దీవిలో ఇళ్ళను పడగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు. దారి పొడవునా పలు ఊళ్ళలో కలిపి ఇల్లూ నేలా కోల్పోయిన కుటుంబాలు 316. గొడవ పెద్దదయ్యాక అదే ఏడాది మార్చి 19న ప్రభుత్వం పునరావాస ప్యాకేజీ ప్రకటించింది. ఇచ్చిన స్థలాల్లో కొన్ని చిత్తడి నేలలు, ఇల్లు కడితే కుంగిపోయేవి. 'మూలంపిళ్ళి' అన్నమాట కేరళలో ఏ భూసేకరణ జరిగినా ఇప్పటికీ వినిపిస్తుంది.

పక్కనే కడమక్కుడి ఉంది. అది చిన్న చిన్న దీవుల గుత్తి. జిడా డబ్బుతో అక్కడా వంతెనలు మొదలయ్యాయి. మూలంపిళ్ళి నుంచి పిళల దీవికి కట్టిన వంతెన నీటి మీద లేచి నిలబడ్డాక, దిగే చోట అప్రోచ్ రోడ్డు లేక చాలాకాలం అలాగే ఉండిపోయింది. నిధులు ఉన్నంత మాత్రాన రోడ్డు రాదు. భూమి, అనుమతి, గుత్తేదారు, ఆ మూడూ ఒకే వేళకు కలవాలి. ఇక్కడ అవి కలిసేసరికి పిల్లలు పడవలోనే హైస్కూలు చదువు పూర్తిచేసుకున్నారు.

నేల అమ్మిన డబ్బుకు ఇంకో గుణం ఉంది. అది ఒక్కసారే వస్తుంది. వంతెన మాత్రం ఏటా రంగు, మరమ్మతు, దీపాలు అడుగుతుంది. 1996లో మొదలైన ప్రజాప్రణాళికతో కేరళ తన ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వడం మొదలుపెట్టింది. వైపిన్ లోపలి సందుల్లోకి కాంక్రీటు వచ్చిందంటే ఆ నిధుల పుణ్యం చాలా ఉంది. కాని దీవి పొడవునా పోయే వైపిన్–మునంబం రాష్ట్ర రహదారి ఇంకా ఇరుకే. ఇరువైపులా ఇళ్ళు, దుకాణాలు ఉన్నాయి కనుక వెడల్పు చేయాలంటే మళ్ళీ మూలంపిళ్ళి గుర్తొస్తుంది. పడమటి ఊళ్ళలో సముద్రం కోత, తూర్పున పోటునీరు. పెద్దపోటు రోజుల్లో వీధి రోడ్డు మీద మోకాటిలోతు ఉప్పునీరు నిలుస్తుంది. తారు వేసిన డబ్బు ఉప్పులో కరిగిపోతుంది.

ఉత్తర కొస మునంబం నుంచి త్రిశ్శూరు జిల్లాలోని అళిక్కోడుకు వంతెన పనిని కిఫ్‌బీ డబ్బుతో చేపట్టారు. కిఫ్‌బీ అంటే బయట అప్పు తెచ్చి నిర్మాణాలకు పెట్టుబడి పెట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. 2019లో లండన్ స్టాక్ ఎక్స్చేంజిలో 2,150 కోట్ల రూపాయల మసాలా బాండ్లు, అంటే విదేశాల్లో రూపాయల లెక్కన అమ్మే అప్పు పత్రాలు, అమ్మింది. ఇలాంటి అప్పులు తీర్చడానికి మోటారు వాహన పన్నులో వాటా, పెట్రోలు సెస్సు. ఒకప్పుడు నీళ్ళమ్మి వంతెన కట్టారు, ఇప్పుడు రేపటి పెట్రోలు పన్నును ముందే ఖర్చుపెట్టి కడుతున్నారు. రెండింటిలో ఇదే కొంత నయమని నా అభిప్రాయం, ఎందుకంటే భారం రాష్ట్రమంతటి మీదా పడుతుంది, ఒక్క బ్యాక్‌వాటర్స్ మీద కాదు.

దక్షిణ కొసన మాత్రం వైపిన్‌కూ ఫోర్ట్ కొచ్చికీ మధ్య ఈనాటికీ వంతెన లేదు. కంటికి దగ్గరగా కనిపించే ఆ నీటిలోంచే ఓడలు రేవులోకి వస్తాయి. అందుకని అక్కడ కార్లు, స్కూటర్లు జంకార్ ఎక్కుతాయి. పంటులాంటిదే, ఇంజనుతో నడుస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి కొచ్చిన్ షిప్‌యార్డు కట్టిన 'సేతుసాగర్' రో-రో పడవలు, అంటే వాహనాలు నేరుగా ఎక్కి దిగేవి, తిరుగుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో మొదటి పడవ కూడా హైకోర్టు నుంచి వైపిన్‌కే బయలుదేరింది. పొద్దున ఎనిమిదింటికి వైపిన్ రేవులో స్కూటర్ల వరస వంతెన రాకముందు ఎంత పొడవుండేదో, ఫోర్ట్ కొచ్చికి పోయేవాళ్ళకు ఇప్పుడూ దాదాపు అంతే. పెద్ద ఓడ ఒకటి లోపలికి వస్తుంటే జంకార్ ఒడ్డునే ఆగి, అది వెళ్ళేదాకా కాచుకుంటుంది.