పీఎస్‌ఏ పెరిగింది, స్కాన్‌లో ఏమీ లేదు

క్యాన్సర్ వచ్చిన ప్రోస్టేట్ గ్రంథిని తీసేశాక రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రోటీన్) దాదాపు సున్నాకు దిగిపోవాలి. అది మళ్లీ పెరిగి మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములకు చేరి, రెండోసారి పరీక్షించినా తగ్గకపోతే వ్యాధి తిరగబెట్టినట్టు లెక్క. ‘మరి సీటీలో, బోన్ స్కాన్‌లో ఏమీ లేదన్నారే?’ అని ఒక పాఠకుడు అడిగారు. సీటీకి తెలిసింది ఆకారం, పరిమాణం. నాలుగు మిల్లీమీటర్ల లింఫు గ్రంథిలో క్యాన్సర్ కాపురం పెట్టినా దాని కంటికి అది మామూలు గ్రంథే. బోన్ స్కాన్ చూసేది ఎముక స్పందనను, క్యాన్సర్ కణాన్ని కాదు.

కణాన్నే నేరుగా పట్టేది పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్. ఈ క్యాన్సర్ కణాల్లో చాలావాటి పైపొర మీద పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్ దట్టంగా ఉంటుంది. దానికి అతుక్కునే ఒక చిన్న అణువుకు రేడియోధార్మిక గాలియం-68ను తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. కణం దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. రక్తంలో మిగిలిపోయిన దాన్ని మూత్రపిండాలు వడగట్టేస్తాయి.

అసలు వింత ఇక్కడ మొదలవుతుంది. గాలియం-68 విఘటనలో పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్‌కు ప్రతికణం, పుడుతుంది. కొద్ది మిల్లీమీటర్లలోనే దానికి ఎలక్ట్రాన్ ఎదురవుతుంది. రెండూ మాయమై, చెరో 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు గామా కిరణాలు దాదాపు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. ఆ 511 ఊరికే వచ్చింది కాదు: ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని ఐన్‌స్టీన్ సమీకరణంలో పెడితే వచ్చే శక్తి అంతే. ఆ సమీకరణం చెప్పేటప్పుడు అణుబాంబు బొమ్మ వేసే మాస్టార్లు ఒక్కసారి పెట్ స్కానర్ బొమ్మ వేస్తే బాగుండును! రోగి చుట్టూ వలయంగా ఉన్న డిటెక్టర్లలో రెండింటికి కొన్ని నానోసెకన్ల తేడాలో కిరణాలు తగిలాయంటే, పాజిట్రాన్ మాయమైంది ఆ రెండింటినీ కలిపే గీత మీద ఎక్కడోనన్నమాట. ఒక్క గీతతో చోటు తెలియదు. లక్షల గీతలు గీసి, అవి ఎక్కడ గుమికూడాయో కంప్యూటర్ లెక్కగడుతుంది. జత లేని సంకేతాన్ని పక్కన పెట్టేస్తుంది.

ఇంత చేసినా పీఎస్‌ఏ 0.5 లోపున్నప్పుడు, 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, జాడ దొరికింది 38 శాతం మందిలోనే. 5 దాటితే 97 శాతం. అలాగని పీఎస్‌ఏ పెరిగేదాకా ఆగకూడదు. రేడియేషన్ చికిత్స తక్కువ పీఎస్‌ఏ దగ్గరే బాగా పనిచేస్తుంది కాబట్టి, స్కాన్‌లో ఏమీ లేదన్న ఒక్క కారణంతో దాన్ని వాయిదా వేయరు.

ఇంకో చిక్కు మూత్రాశయం. మందు అక్కడికే చేరుతుంది కనుక, కోసి కుట్టిన చోట మిగిలిన చిన్న కణితిని వెతకడం కారు హెడ్‌లైటు పక్కన మిణుగురును వెతకడమే. అక్కడ ఎంఆర్‌ఐ మేలు. పీఎస్‌ఎంఏ-1007 అనే మరో మందు ఎక్కువగా కాలేయం దారిన పోతుంది గానీ, క్యాన్సర్ లేని ఎముకల్లోనూ చుక్కలు చూపిస్తుంటుంది.