నాటకం చదువుకుంటానంటే

చిరంజీవి మనవరాలికి, దాని స్నేహితులకి ఆశీస్సులు.

"తాతయ్యా, నాటకాల కోర్సులో చేరితే మామూలు చదువు అటకెక్కినట్టేనా?" అని ఫోన్‌లో అడిగావు. ఈ టెన్షన్ నీ ఒక్కదానిదే కాదని విని, అందరికీ కలిపి రాస్తున్నాను.

మీ నానమ్మ దోసెల పిండి రుబ్బడం చూశారుగా. బియ్యం, మినప్పప్పు వేరువేరుగా నానబోస్తుంది. వేరుగానే రుబ్బి, చేత్తో కలిపి, రాత్రంతా వదిలేస్తుంది. బియ్యం మీ చదువు, పప్పు రిహార్సల్. పొద్దున పాత్ర గురించి చదవండి, సాయంత్రం గొంతు, ఒళ్లు సాధన చేయండి, రాత్రికి నిద్రపోండి. నిద్ర మానేసి రెండూ చేస్తానంటే పిండి పులవదు. చలికాలంలో ఇంకా ఆలస్యంగా పులుస్తుంది. కొందరు పిల్లలూ అంతే, తొందరపెట్టకూడదు.

ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది. మూడేళ్ల చదువు. చేరాలంటే ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి, నాటకాలాడిన అనుభవమూ అడుగుతారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పీజీ కూడా డిగ్రీ తర్వాతే. కాబట్టి ఇంటర్ కాగానే అటో ఇటో తేల్చుకోనక్కర్లేదు. తెలుగో, చరిత్రో, కామర్సో, ఇష్టమైన డిగ్రీలో చేరండి. ఆ కాలేజీలో ఏటా నాటకం ఆడతారో లేదో మాత్రం సీనియర్లని అడిగి తెలుసుకోండి.

నా చిన్నప్పుడు మా ఊరికి సురభి నాటకాల వాళ్లొచ్చేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన కుటుంబాలు అవి. ఓ రాత్రి హరిశ్చంద్ర నాటకంలో ఆయన కొడుకు లోహితాస్యుడు పాము కరిచి పడిపోతే నేను వెక్కివెక్కి ఏడ్చాను. తెల్లారి డేరా వెనక్కి వెళ్తే ఆ కుర్రాడే చెవి పక్కన రంగు ఇంకా వదలకుండా, పలక ఒళ్లో పెట్టుకుని పదమూడో ఎక్కం వల్లిస్తున్నాడు. వాళ్లమ్మ తెరకి చిరుగు కుడుతూ తప్పు వచ్చినచోట దిద్దుతోంది. ఏడుపు మరిచిపోయి అలా చూస్తుండిపోయాను.

చదవని నటుడు పద్యం ఎత్తుకుంటే రాగం వినిపిస్తుంది, హరిశ్చంద్రుడు కనిపించడు. అందుకే పుస్తకం వదలొద్దంటున్నాను. అయితే చదివిన మాట నోటికి ఎలా వస్తుందో, ఒంట్లోకి ఎలా దిగుతుందో నేను చెప్పలేను. అది చూడాల్సిందే. మీ దగ్గర్లో పరిషత్తు నాటక పోటీలు జరిగినప్పుడు వెళ్లండి. పెద్దల అనుమతి అడిగి రంగం పక్కన నిలబడండి. వేషం వేసుకున్నవాళ్లు తమ వంతు రాకముందు ఏం చేస్తుంటారో చూసి, నాకు రాయండి.

మీ తాతయ్య